ముప్పైనాలుగు మంచాలకు ఒక్క నర్సు

నేను రిటైరై రెండేళ్ళయింది. ఇప్పటికీ కుర్చీలో వీపు ఆనించి కూర్చోలేను. ఒడిశాలోని బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చాలా ఏళ్ళు స్టాఫ్ నర్సుగా, చివరి పద్దెనిమిదేళ్ళు నర్సింగ్ సూపరింటెండెంటుగా పనిచేశాను. మావాళ్ళు పాత అలవాటుకొద్దీ మేట్రన్ అనేవారు. ఇంట్లో ఉంటే వంటింటి కుళాయి నుంచి నిమిషానికి ఎన్ని చుక్కలు పడుతున్నాయో లెక్కపెడుతుంటాను. "దీనికి నీకు జీతం ఎవులిత్తన్నారే?" అంటాడు మా ఆయన.

గత నెల నుంచి నా కుదురులేనితనం మరీ ఎక్కువైంది. దానికి కారణం ఒక ఫోను. అస్కా వెళ్ళే రోడ్డు మీద కొత్త ఆసుపత్రి ఒకటి తెరవబోతున్నారు. నలభైమంది నర్సులు కావాలి, పదిహేను రోజుల్లో కావాలి, ఇంటర్వ్యూలకు మీరు కూర్చోవాలి అని దాని డైరెక్టరు అడిగాడు. ఒప్పుకున్నాను. మర్నాడే దరఖాస్తుల కట్ట ఇంటికి పంపాడు. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే తిరగేస్తూ, పదకొండో కాగితం మీద పేరు చూసి లేచి నిలబడిపోయాను. బడిపిల్ల టీచరును చూసి నిలబడినట్టు.

ఇది చదివే నర్సమ్మలూ, రేపు మీలో ఎవరో ఒకరు నర్సులను ఎంచుకునే కుర్చీలో కూర్చుంటారు. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో మీకు అక్కర్లేదు. ఆ పదకొండో కాగితం సంగతి మాత్రం అక్కరకొస్తుంది. అందుకే రాస్తున్నాను.

అంకె అంటే నాకున్న మంట

మా ఆసుపత్రి నడిపే పెద్ద డాక్టరుగారు హస్తవాసి ఉన్న డాక్టరు. కత్తి పట్టుకుంటే వంక పెట్టడానికి లేదు. మనుషులను తీసుకోవడం దగ్గరికి వచ్చేసరికి ఆయనకు అంకె ఒక్కటే కనిపించేది. ఒకసారి తనిఖీ ఉందంటే ఆఫీసులో టైపు చేసే అమ్మాయిలకీ, రిసెప్షన్ పిల్లలకీ తెల్లబట్టలు తొడిగి వార్డుల్లో నిలబెట్టించారు. వచ్చిన పెద్దమనిషి ఎవరి ముఖమూ చూడలేదు. తలలు లెక్కపెట్టుకున్నాడు. వెళ్ళబోతూ సరదాకి ఒక పిల్లను "ఈయనకి బీపీ చూడమ్మా" అన్నాడు. ఆ పిల్ల పట్టీని తీసుకెళ్ళి పిండికట్టు వేసిన చేతికే చుట్టింది. పేషెంటు తన రెండో చేయి చాపి, "అమ్మా, ఇదిగో ఈ సెయ్యి కాళీగా ఉన్నాది" అన్నాడు. వార్డంతా నవ్వారు. తనిఖీకి వచ్చినాయనా నవ్వేసి సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నా చేతిలో ఉన్నంతకాలం చేతకాని మనిషిని వార్డులో అడుగు పెట్టనివ్వకూడదని ఆ రోజే పట్టుబట్టాను. మంచి పట్టుదలే. దానిలోంచే నా తప్పు మొలిచింది.

చక్రం పరీక్ష

సర్టిఫికెట్లు నేను పెద్దగా చూసేదాన్ని కాదు. నా గదిలో స్టాండుకి ఒక సెలైన్ సీసా వేలాడదీసి, కింద బకెట్ పెట్టేదాన్ని. వచ్చిన అమ్మాయిని గడియారం చూస్తూ నిమిషానికి ఇరవై చుక్కలు పడేలా ట్యూబు మీద వేగం మార్చే చిన్న చక్రం తిప్పమనేదాన్ని. అది అందరూ చేస్తారు. తర్వాత ఊరేది, నాన్న ఏం చేస్తారు అని కబుర్లలో పెట్టి, సీసా పక్కన నిలబడినట్టే నిలబడి ఆ చక్రాన్ని గోటితో కొంచెం కదిపేదాన్ని. చుక్కల వేగం మారిపోయేది. మాట్లాడుతూనే ఆ అమ్మాయి కన్ను మళ్ళీ సీసా మీదికి వెళ్ళిందా, ఉద్యోగం ఆమెదే. వెళ్ళలేదా, "కబురు పంపుతాం" అని పంపేసేదాన్ని.

ఒకసారి సరిచేసిన దాన్ని ఎవరూ చెప్పకుండా మళ్ళీ చూడడమే నర్సు పని అని నా నమ్మకం. ఇప్పటికీ అదే అంటాను. ఈ పరీక్ష చూసి ఊళ్ళో నర్సింగ్ పిల్లలు నాకు 'చక్రం మేడం' అని పేరు పెట్టారని తెలిసి లోపల్లోపల పొంగిపోయాను కూడా.

ఆ ఏడు వానలు వెనకపట్టగానే జ్వరాలు విరుచుకుపడ్డాయి. రెండో అంతస్తులో ముప్పైనాలుగు మంచాలతో జ్వరాల వార్డు తెరిచారు. పెద్ద డాక్టరుగారు ఇరవైమందిని తీసుకోమన్నారు. ముప్పైఒక్కమంది వచ్చారు. నా చక్రం దగ్గర ఆరుగురు నిలిచారు. ఇరవైఐదుమందిని పంపేశాను.

"మేడం, నాకు చేతులు కావాలి. మీరేమో చేతి నేర్పు చూస్తున్నారు" అన్నారాయన.

"మంచివాళ్ళు ఆరుగురు చాలండి. పనికిరాని ఇరవైమంది నాకొద్దు" అన్నాను.

ఆ మాట అన్నాక తల ఎత్తుకుని వార్డంతా తిరిగాను. ఆరుగురంటే పూటకి ఇద్దరు. వాళ్ళలో ఒక్కరికి తలనొప్పి వస్తే ఏమవుతుందో నేను కాగితం మీద వేసి చూసుకోలేదు. మంచి మనుషులకి జ్వరం రాదనుకున్నాను కాబోలు.

ఆ ఆరుగురిలో మొదటిది నూకరత్నం. పొడంపేట పిల్ల. వాళ్ళది తెలుగు మాట్లాడే చేపల వేట కుటుంబం, ఎన్నో తరాలుగా రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గరే ఉంటున్నారు. నేను చక్రం కదిపినప్పుడు రత్నం చూడడమే కాదు, నా గోరు వైపు కూడా చూసింది. "మీరే కదిపినారు కదా మేడం" అంది, నవ్వకుండా. ఇంత ధైర్యమా అని నాకు ముచ్చటేసింది.

మధ్యాహ్నం మూడింటికి

మూడు వారాలు తిరిగేసరికి ఆరుగురిలో ఇద్దరు అదే జ్వరంతో పడ్డారు. ఇంకొకతి ఏడ్చి మానేసింది. ముగ్గురు మిగిలారు. పూటకి ఒకరు. రత్నం ఒకనాడు రాత్రి పదింటికి డ్యూటీకి వచ్చింది. పొద్దున రావలసిన అమ్మాయి రాలేదు. "నువ్వు ఉండమ్మా, ఒక్క పూటే కదా" అన్నాను. మధ్యాహ్నం రావలసినమ్మాయీ ఆలస్యమైంది. మూడయ్యేసరికి రత్నం డ్యూటీకి వచ్చి పదిహేడు గంటలు. ముప్పైనాలుగు మంచాలూ నిండి ఉన్నాయి. వార్డులో నర్సు ఆమె ఒక్కతే.

కిటికీ పక్క మంచం మీద అస్కా దగ్గర నుంచి వచ్చిన చెరుకు రైతు ఒకాయన ఉండేవాడు. గుండె బలం లేని మనిషి. సెలైన్ చాలా నెమ్మదిగా ఎక్కించాలి. ఆయన బాత్రూముకి వెళ్ళి వచ్చాక, తోడున్న తమ్ముడు మంచి చేస్తున్నాననుకుని చక్రం బార్లా తెరిచాడు. తొందరగా ఎక్కితే తొందరగా కోలుకుంటాడని వాళ్ళ లెక్క. మన వార్డుల్లో ఇది ఎప్పుడూ ఉండే బెడద. మామూలు రోజయితే రత్నం పావుగంటలో ఆ మంచం దగ్గరికి వచ్చి చూసేది. ఆ సమయంలో ఆమె వార్డు రెండో చివర, ఫిట్స్ వచ్చిన ఒక పసిపిల్లను పక్కకు తిప్పి పట్టుకుని ఉంది. వదిలి రావడానికి లేదు, పిలవడానికి ఇంకొకరు లేరు. తిరిగి వచ్చేసరికి సీసా ఖాళీ. రైతుకి ఊపిరితిత్తుల్లోకి నీరు దిగింది.

ఆయన బతికాడు. రెండు రోజులు ఐసీయూలో ఉండి బతికాడు. ఆయన పేరు చెబితే ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. కొడుకులు మాత్రం ఊరుకోలేదు, ఊరుకోకూడదు కూడా. పెద్ద డాక్టరుగారు నన్ను పిలిచారు.

"రిపోర్టు మీరే రాయండి మేడం. ఎవరో ఒకరి పేరు ఉండాలి."

ఆ కాగితం ముందు ఎంతసేపు కూర్చున్నానో గుర్తుంది. మంచాలెన్ని, నర్సులెందరు, ఎన్నో గంట అని రాయడం మొదలుపెడితే తర్వాతి వాక్యం దానంతటదే వచ్చేస్తుంది: ఇరవైమందిని తీసుకోమంటే ఆరుగురిని తీసుకున్నదెవరు? అక్కడ నా పేరు రాయాలి. నేను రాయలేదు. 'డ్యూటీలో ఉన్న నర్సు నూకరత్నం నిర్లక్ష్యం వల్ల' అని రాసి సంతకం పెట్టాను. భయపడ్డాను. దానికి ఇంకో పేరు లేదు.

రత్నం చేత రాజీనామా రాయించారు. వెళ్ళేరోజు నా గదికి వచ్చింది.

"నేను సూడలేదు మేడం, నిజమే. సూడ్డానికి ఎలాగెల్తాను? ఆ పాపని ఒగ్గీమంటారేటి?"

నేను తల దించుకుని ఏదో రిజిస్టరు తిప్పాను. తర్వాత ఊళ్ళో ఏ ఆసుపత్రివాళ్ళు ఆమె గురించి ఫోను చేసినా "పిల్ల మంచిదేగానీ..." అని ఆగేదాన్ని. అవతలివాళ్ళకి అది చాలు. ఎక్కడా తీసుకోలేదు.

రెండో తప్పు

భయపడ్డ మనిషి ఇటు నుంచి అటు దూకుతుంది. నేను పంపేసిన ఇరవైఐదుమందిలో పద్నాలుగురిని మళ్ళీ పిలిపించి ఒక్క పూటలో తీసేసుకున్నాను. సీసా లేదు, చక్రం లేదు. పెద్ద డాక్టరుగారి మొహం వెలిగిపోయింది. "ఇప్పుడు వార్డు నిండుగా ఉంది" అన్నారు.

నిండుగానే ఉంది. ఎవరు ఏ మంచం చూడాలో మాత్రం ఎవరికీ తెలియదు. అయిదోరోజు ఒక షుగర్ పేషెంటుకి పొద్దుటి నుంచి షుగర్ చూడలేదని తేలింది. నువ్వు చూశావనుకున్నాను అని ముగ్గురు పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది పట్టుకున్నది మమత అనే ఒడియా అమ్మాయి. అస్కా నుంచి వచ్చింది. నా చక్రం పరీక్షలో తప్పిన పిల్ల.

"నీకింత చూపుందే, ఆ రోజు సీసా వైపు ఎందుకు చూడలేదే?" అని అడిగాను.

"మీ ముఖం చూసి డర లాగిలా దీదీ" అంది. భయమేసిందట. "మీరు అడిగినారు, నేను మీకే చూసినాను. పెద్దవాళ్ళు మాట్లాడితే వేరే చూడకూడదని మా అమ్మ చెప్పింది."

ఎదుటి మనిషి మాట్లాడుతుంటే చూపు తిప్పకూడదని పెంచిన పిల్లలను, చూపు తిప్పలేదని ఎన్నేళ్ళుగా పంపేశానో! నా పరీక్ష నర్సులను ఏరిందో, నాకు బెదరని వాళ్ళను ఏరిందో అప్పుడు అనుమానం వచ్చింది. రెండూ కొంత కొంత అయి ఉంటుంది.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. ప్రతి మంచానికీ ఒక నర్సు పేరు రాసి మంచానికే తగిలించాను. ఇద్దరు కొత్తవాళ్ళను ఒక పాతమనిషికి అప్పగించాను. డ్యూటీ మారేటప్పుడు బల్ల దగ్గర కాదు, మంచం మంచానికీ నడిచి అప్పగించాలన్నాను. మూడు నెలలయ్యాక కూడా నేర్చుకోలేని వాళ్ళను మొహమాటం లేకుండా పంపించాను. పద్నాలుగురిలో తొమ్మిదిమంది నిలిచారు. మమత ఇప్పుడు అదే ఆసుపత్రిలో వార్డు ఇన్‌చార్జి. నాకంటే బాగా చేస్తుంది, నాలా అరవదు.

మీకు చెప్పదలచుకున్నది ఇదీ. చేతకాని మనిషిని వార్డులో పెట్టడం తప్పు. చేతనైన మనిషి మీద నలుగురి బరువు పెట్టడం అంతకు తక్కువ తప్పేం కాదు. మొదటిది అందరికీ కనిపిస్తుంది, రెండోదానికి మనకు మంచి పేరొస్తుంది, అంతే తేడా. మీరు ఒకరిని వద్దని పంపినప్పుడు ఆ ఖాళీ గాల్లో ఉండిపోదు. ఎవరో ఒక అమ్మాయి మెడ మీద కూర్చుంటుంది. ఆ అమ్మాయి ఎవరో తెలుసుకుని మరీ పంపండి.

ఇదంతా నేను నేర్చుకున్నాను, జీతం తీసుకున్నాను, శాలువా కప్పించుకుని రిటైరయ్యాను. ఆ పాఠానికి వెల చెల్లించింది రత్నం.

పదకొండో కాగితం

ఇప్పుడు కొత్త ఆసుపత్రి కట్టలో ఉన్న ఆ పదకొండో దరఖాస్తు నూకరత్నానిది. తొమ్మిదేళ్ళ ఖాళీ. ఉద్యోగం ఎందుకు మానారు అన్నచోట ఏమీ దాచలేదు. నేను రాసిన కాగితం నకలే జతచేసింది. నా సంతకం కింద నా హోదా ముద్ర కూడా అచ్చంగా పడింది.

రెండు రోజులు ఇంట్లో గదికీ గదికీ తిరిగాను. మూడోనాడు గేట్ బజార్‌కి వెళ్ళి, ఏం కొనాలో తెలియక కిలో బత్తాయిలు కొని, జాబు ఒకటి రాసుకుని బస్సెక్కి పొడంపేట వెళ్ళాను.

రత్నం అరుగు మీద ఒక ముసలాయనకి బీపీ చూస్తోంది. వాళ్ళమ్మ ఎండుచేపలు ఏరుతూ నన్ను పోల్చి, "ఓలమ్మా, మేట్రనమ్మొచ్చినాదే! కుర్సీ ఎయ్యే" అని కేకేసింది. రత్నం ముసలాయనకి ఇంకోసారి బీపీ చూసి, మాత్ర ఏ పూట వేసుకోవాలో చెప్పి పంపి, అప్పుడు నా వైపు తిరిగింది.

"నీ మీద అబద్ధం రాశానమ్మా. సరిచేస్తూ ఇది రాసి తెచ్చాను" అన్నాను.

"తొమ్మిదేళ్ళకి గురుతొచ్చినాదేటి మేడం?"

జాబు తీసుకుని చదివింది. నెమ్మదిగా, రెండుసార్లు చదివింది.

"నాది తప్పు కాదని రాసినారు. పరిస్థితుల వల్ల జరిగిందని రాసినారు. పరిస్థితులంటే ఎవులు మేడం?"

నేను బత్తాయిల సంచి అరుగు మీద పెట్టాను.

"మంచాలెన్నో రాయలేదేటి? నేనెన్ని గంటలున్నానో రాయలేదేటి? అయ్యి రాయకుండా నన్ను మంచిదాన్నని రాత్తే ఎవులు నమ్ముతారు? పాపం జాలిపడి రాసిందనుకుంటారు."

వాళ్ళమ్మ "ఊరుకోయే, ఇంటికొచ్చిన మనిషి" అంది. రత్నం ఊరుకోలేదు. లోపలికి వెళ్ళి తెల్లకాగితం, పెన్ను తెచ్చి బీపీ మిషను పెట్టె మీద పెట్టింది. అరుగు మీద కూర్చుని రాశాను. ముప్పైనాలుగు మంచాలు, ఒక్క నర్సు, పదిహేడు గంటలు. ఇరవైమందిని తీసుకోమంటే ఆరుగురిని తీసుకున్నది నేను. ఆమెను ఇంటికి వెళ్ళనివ్వకుండా ఉంచింది నేను. నిర్లక్ష్యం అన్న మాట ఎవరికైనా రాయాలంటే నాకు రాయాలి. సంతకం పెట్టి, కింద తేదీ వేశాను.

నన్ను క్షమించమని అడిగాను. రత్నం కాగితం మడిచి దాచుకుని, "టీ తాగి ఎల్లండి, బస్సుకింకా టయిముంది" అంది. అంతకంటే ఎక్కువ అడిగే హక్కు నాకు లేదని తెలిసి టీ తాగాను.

ఇంటర్వ్యూ

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే ఆ కాగితం సంగతంతా డైరెక్టరుకి చెప్పేశాను. రత్నానికి మార్కులు నేను వేయనన్నాను. ఆయన కుర్రవాడు, తెలివైనవాడు. గడ్డం గోక్కుని, "రిస్కు కదా మేడం? ఇంతమంది ఉన్నారు, అలాంటి రికార్డున్న మనిషెందుకు?" అన్నాడు.

"చూసి చెప్పండి" అన్నాను.

సీసా పరీక్ష ఇప్పటికీ ఉంది. కాకపోతే మధ్యలో చక్రం కదుపుతామని అందరికీ ముందే చెబుతున్నాను. భయపడితే కాసేపు నీళ్ళు తాగి రమ్మంటున్నాను. రత్నం వంతు వచ్చింది. నలభై దాటబోతున్న మనిషి, చెవుల దగ్గర నెరిసింది. ఇరవై చుక్కలు సరిచేసింది. డైరెక్టరు ఏదో అడుగుతున్నాడు, ఆమె చెబుతోంది. ఆయనే చేయి చాపి చక్రం కదిపాడు. జవాబు ఆపకుండానే ఆమె వేలు వెళ్ళి దాన్ని మళ్ళీ ఇరవైకి తెచ్చింది. తొమ్మిదేళ్ళు ఆ వేలు ఎండుచేపలు ఏరింది.

డైరెక్టరు తృప్తిగా తల ఊపి, "సరే, మీరేమైనా అడగాలా?" అన్నాడు. అందరినీ అడిగే మాటే. అందరూ జీతమో, హాస్టలో అడిగారు.

"ఇక్కడ ఒక నర్సుకి ఎన్ని మంచాలు సార్?" అంది రత్నం.

ఆయన నా వైపు చూశాడు. నా ఉద్యోగకాలమంతటిలో ఎన్ని వందలమందిని ఇంటర్వ్యూ చేశానో, ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు. అడగవలసింది నేను. నేనూ అడగలేదు.

"అది తర్వాత చూసుకుందాం. ముందు స్టాఫ్ చేరనివ్వండి" అన్నాడాయన.

"తరవాతంటే నాకు తెలుసు సార్. ఇప్పుడే సెప్పీయండి" అంది. గొంతు పెంచలేదు. వేలు ఇంకా చక్రం మీదే ఉంది.

తర్వాతి అమ్మాయి దరఖాస్తు నా చేతిలో ఉంది. దాన్ని బోర్లా పెట్టి, తెల్లకాగితం డైరెక్టరు ముందుకి జరిపాను. "రాయండి సార్. అది తేలాకే తర్వాతి పిల్లను పిలుద్దాం" అన్నాను. ఆయన చాలాసేపు పెన్ను ఆడించాడు. నలభైమందిని మూడు పూటలకి పంచితే సరిపోరని ఆయనకీ ఆ నిమిషానే తెలిసినట్టుంది. చివరికి 'ఎనిమిది' అని రాసి కాగితం ఆమె వైపు తిప్పాడు.

రత్నం చూసింది. ఇంకోసారి చూసింది.

"సంతకం ఎట్టండి సార్" అంది.

పెట్టాడు. వచ్చే సోమవారం రత్నం డ్యూటీలో చేరుతోంది. ఆ ఎనిమిది ఎన్నాళ్ళు ఎనిమిదిగా ఉంటుందో నాకు నమ్మకం లేదు. అందుకని నెలనెలా బస్సెక్కి వెళ్ళి మంచాలు లెక్కపెట్టి వద్దామనుకుంటున్నాను.